అవసరం ముందు, కొలబద్ద తర్వాత: గోదావరి డెల్టా మీదుగా రేస్ భావన చరిత్ర

బర్మాలో ఒకప్పుడు 'కోరంగీ' అంటే తిట్టు. రంగూన్ రేవులో బస్తాలు మోసే తెలుగు కూలీ అయినా, రిక్షా లాగేవాడైనా, వీధులు ఊడ్చేవాడైనా ఆ ఒక్క మాటతోనే పిలుపు. ఆ మాట పుట్టింది మన గౌతమి పాయ ఒడ్డున, కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి రేవు పేరులోంచి. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టినంత పని చేసింది. ఆపైన ఇసుక మేటలు వేసి ఓడల రాకపోకలన్నీ కాకినాడకు మళ్లాయి. రేవు పోయింది గానీ పేరు సముద్రం దాటి ఒక 'జాతి' పేరైంది. ఓడెక్కినవాళ్లు కోనసీమ వాళ్లు, పిఠాపురం వైపు వాళ్లు, విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు. వాళ్లలో పది రకాల కులాలున్నాయి, ఒకరింట ఒకరు నీళ్లు తాగనివాళ్లూ ఉన్నారు. దిగాక మాత్రం అందరూ కోరంగీలే. మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు ఇదే పేరు పడింది.

రేవు పేరు జాతి పేరు కావడం వెనక ఏ శాస్త్రమూ లేదు. ముందు పని ఉంది. పనికి ఒక ధర కట్టారు, ఆ ధరకు దొరికే మనుషులకు ఒక పేరు పెట్టారు. ఆ పేరు నిజమని చూపించడానికి కాలిపర్లు (తల, ముక్కు కొలిచే సాధనాలు), పట్టికలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఐరోపా వలస పాలనలో రేస్ భావన ఎదిగిన క్రమం చాలా చోట్ల ఇదే. డెల్టా చరిత్రలో ఆ క్రమం ఒక్కో మెట్టూ విడిగా కనిపిస్తుంది.

తెలుగులో ఈ విషయం మాట్లాడబోతే మొదట మాటే అడ్డం పడుతుంది. 'జాతి' అంటే దేశప్రజ, 'ఆంధ్రజాతి' అంటే భాషా సమూహం, గిరిజన జాతులు అంటే తెగలు. పల్లెల్లో 'ఏ జాతి' అని అడిగితే కులం అడిగినట్టు. 'వర్ణం' ఇంకో చిక్కు. అది రంగూ, చాతుర్వర్ణ్యమూ కూడా. ఈ తికమకను తర్వాత ఒక తెల్ల అధికారి తెలివిగా వాడుకున్నాడు. అసలు అర్థానికి దగ్గరగా ఉన్నది 'ఒంగోలు జాతి గిత్త' అన్నప్పటి జాతి. స్పానిష్‌లో 'రాసా' అనే మాటను తొలిరోజుల్లో గుర్రాల సంతతికి వాడేవారు, అక్కడి నుంచి మనుషుల నెత్తురుకు వచ్చింది. ఈ వ్యాసంలో తికమక లేకుండా 'రేస్' అనే మాటే వాడుతున్నాం.

చట్టం రాసినవాళ్లు, పట్టిక గీసినవాళ్లు

1449లో స్పెయిన్‌లోని టొలీడో నగరం ఒక శాసనం చేసింది. యూదు మతం వదిలి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకూ, వాళ్ల సంతానానికీ నగర పదవులు ఉండవని దాని సారం. అంతవరకు మతం మారితే మనిషి మారినట్టే లెక్క. ఇక్కడ మొదటిసారి 'మతం మారినా నెత్తురు మారదు' అనే వాదన చట్టంలోకి ఎక్కింది. ఆ పదవుల మీద ఎవరి కన్ను ఉందో చూస్తే ఈ శాసనం ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

అట్లాంటిక్ అవతల చెరకు, పొగాకు తోటలు ఈ వాదనను బిగించాయి. బార్బడోస్ 1661లో బానిసల చట్టం చేసింది. వర్జీనియా 1662లో తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అంది. ఇంగ్లిష్ ఆచారంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వచ్చేది, దాన్ని తలకిందులు చేశారు. బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టిన బిడ్డ అదే యజమాని ఆస్తి కావాలంటే వేరే దారి లేదు. 1667లో బాప్తిస్మం తీసుకున్నా బానిసత్వం పోదని ఇంకో చట్టం. 1691లో తెల్లవాళ్లు నల్లవాళ్లను గానీ, అమెరికా ఆదివాసులను గానీ పెళ్లాడితే వలస నుంచి వెళ్లగొట్టాలని మరొకటి. ఇవన్నీ అయ్యాకే, 1735లో, స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ మనుషులను నాలుగు రకాలుగా విడగొట్టాడు. అంటే కోర్టులో గీత గీసిన 70 ఏళ్ల తర్వాత గానీ పట్టికలో గీత పడలేదు.

ఈ వ్యాపారానికీ డెల్టాకూ నూలుపోగు బంధం ఉంది. పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో బానిసలను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో కోరమాండల్ తీరపు నూలు బట్ట ముఖ్యమైనది. ఆ బట్టల్లో ఒక రకానికి 'గినీ బట్ట' అనే పేరే పడింది. పాలకొల్లు, ద్రాక్షారామాల్లో వలందుల (డచ్చివాళ్ల) కోఠీలు (వర్తక కేంద్రాలు), నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ యానాం దగ్గర ఇంజరంలోనూ ఇంగ్లిష్ కోఠీలు ఆ తీరపు బట్టల వ్యాపారంలో భాగమే. మాధవాయపాలెం పేరు 'మడపొల్లం'గా మారి ఐరోపా బట్టల కొట్లలో ఒక నేత పేరుగా నిలిచిపోయింది.

లిన్నేయస్ పట్టికలో చూడాల్సింది రంగులకంటే వాటి పక్కన రాసిన గుణాలు. 1758 నాటి పదో ముద్రణలో యూరోపియన్లు చట్టాలతో, ఆసియావాళ్లు అభిప్రాయాలతో, అమెరికా ఆదివాసులు ఆచారాలతో, ఆఫ్రికన్లు తోచినట్టుగా నడుస్తారని రాశాడు. మొదట ఆసియావాళ్లు 'గోధుమ రంగు', ఈ ముద్రణకు వచ్చేసరికి 'పాలిపోయిన పసుపు'. మనుషులు ఎండలో అలాగే ఉన్నారు, కలం రంగు మార్చింది.

జర్మన్ వైద్యుడు బ్లూమెన్‌బాఖ్ 1795లో ఐదు రకాలు చెప్పి, తనకు అందరికంటే అందంగా కనిపించిన జార్జియా పుర్రెను బట్టి ఒక రకానికి 'కాకేసియన్' అని పేరు పెట్టాడు. తూర్పున గంగ వరకు ఉన్న జనమంతా ఆయన లెక్కలో కాకేసియన్లే. ఆ లెక్కన అమలాపురం మనిషి కూడా అందులోకే వస్తాడు. వందేళ్ల తర్వాత భారత జనగణన అదే మనిషిని 'ద్రావిడ' అంది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో ఇంకో మెలిక పెట్టింది: భారతీయుణ్ని శాస్త్రం కాకేసియన్ అన్నా సరే, మామూలు జనం వాడుకలో అతడు 'తెల్లవాడు' కాడు గనక పౌరసత్వం రాదు. శాస్త్రం అడ్డొస్తే వాడుక, వాడుక అడ్డొస్తే శాస్త్రం. ఒక్కటే మారలేదు, తీర్పు ఎవరికి అనుకూలమో అది.

చౌక కూలీని తయారు చేసిన పద్ధతి

బ్రిటిష్ వలసల్లో బానిసత్వ రద్దు 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. బానిసలు పోతే చెరకు కోసేదెవరు? 1836 జనవరిలో జాన్ గ్లాడ్‌స్టన్ అనే తోటల యజమాని, తర్వాత బ్రిటిష్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కు తండ్రి, కలకత్తాలోని ఒక వ్యాపార సంస్థకు కూలీలు కావాలని ఉత్తరం రాశాడు. కొండ కూలీలు దొరుకుతారనీ, మైదానం వాళ్లు వాళ్లను మనిషికంటే కోతికి దగ్గరని అంటారనీ, తిండి, తాగుడు, నిద్ర తప్ప వాళ్లకు వేరే కోరికలు లేవనీ జవాబు వచ్చింది. రేస్ భావన చేసే పని మొత్తం ఈ జవాబులో ఉంది. 'కోరికలు లేవు' అన్నది స్వభావ వర్ణనలా కనిపిస్తుంది, నిజానికది కూలి రేటు. కోరికలు లేనివాడికి ఎక్కువ కూలి ఎందుకు? ఇంకోటి కూడా గమనించాలి. కోతి పోలికను కలకత్తా దొర సొంతంగా కల్పించలేదు, మైదానం జనం నోట ఉన్న మాటనే అప్పు తెచ్చుకున్నాడు.

1840లకల్లా కోరంగి, కాకినాడ వైపు నుంచి తెలుగువాళ్లు మారిషస్‌కు వెళ్తున్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి తొలి ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ నడిచాయి. వీళ్లంతా వెళ్లిన గిర్మిట్ అనే కూలి ఒప్పందం ఐదేళ్లకు. ఫిజీ ఒప్పందంలో రోజుకు 9 గంటలు, శనివారం 5 గంటల పని. కూలి మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. చదివితే నికరమైన జీతంలా ఉంటుంది. చిక్కల్లా అది 'పూర్తి చేసిన పని'కి ఇచ్చేది కావడంలో ఉంది. ఎన్ని చెరకు సాళ్లయితే ఒక పూర్తి పనో ఓవర్‌సీర్ చెప్పాలి. పని మిగిలితే కూలి కోత, పనికి రాకపోతే నేరం. అప్పులాంటి సివిల్ తగాదాకు జైలు శిక్ష పెట్టిన చట్టం ఇది. తెల్ల కూలీ మీద అలాంటి ఒప్పందం రుద్దడం ఆ నాటికే అసాధ్యం. ఓడ ఎక్కే ముందు ఇచ్చే పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఊరు, తాలూకా, ఒంటి మీద గుర్తులు రాసేవారు. పారిపోతే పట్టుకోవడానికి పుట్టుమచ్చలు పనికొస్తాయి. ఇప్పుడు ఆ పాసుల్లోనే మారిషస్, దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు తమ తాతల ఊళ్లు వెతుక్కుంటున్నారు. ఊరి పేరును విన్నట్టు రాసిన గుమస్తా పుణ్యమా అని చాలా ఊళ్లు పోల్చుకోలేం.

బర్మాకు వెళ్లింది గిర్మిట్ మీద కాదు, మేస్త్రీ చేతి మీదుగా. మేస్త్రీ ఊళ్లో బయానా ఇస్తాడు, కాకినాడలో స్టీమర్ టికెట్ కొంటాడు. రంగూన్‌లో కూలి డబ్బు మొదట పెద్ద మేస్త్రీకి, అక్కడి నుంచి చిన్న మేస్త్రీకి, వాడి కోత పోగా చివరికి కూలీకి. దిగేసరికే నెత్తిన అప్పు ఉంటుంది గనక ఏ రేటుకైనా పనిలోకి దిగాల్సిందే. ఈ అప్పు గొలుసు ఓడల కంపెనీల కాగితాల్లో కనిపించదు. కనిపించేది 'తెలుగు కూలీ తక్కువకు వస్తాడు, అణిగి ఉంటాడు' అనే మాట. అప్పు చేసిన పనిని స్వభావం ఖాతాలో రాశారు.

1930 మే నెలలో దాని ఫలితం రంగూన్ వీధుల్లో తేలింది. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తేలగానే తెలుగువాళ్లను వెనక్కి పిలిచి బర్మా వాళ్లను పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. గొడవకు కారణం కూలి రేటు, ఇద్దరినీ అటూ ఇటూ తిప్పిన కంపెనీలు. దానికి పడిన పేరు మాత్రం 'రేస్ కొట్లాట'.

భాష నుంచి నెత్తురుకు

1816లో మద్రాసు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించాడు. అది భాషాశాస్త్రంలో గట్టి పని, నేటికీ నిలిచి ఉంది. 1856లో మిషనరీ కాల్డ్వెల్ ఆ భాషా కుటుంబానికి 'ద్రావిడ' పేరు ఖాయం చేశాడు. తప్పు ఆ తర్వాతి అడుగులో జరిగింది. ద్రావిడ భాష మాట్లాడేవాళ్లంటే ద్రావిడ నెత్తురు ఉన్నవాళ్లనీ, ఆర్య భాష మాట్లాడేవాళ్లు ఆర్య రేస్ అనీ అనుకోవడం అలవాటైంది. యానాంలో ఫ్రెంచి నేర్చినవాడి నెత్తురు ఫ్రెంచి కాదన్నది అందరికీ తెలుసు. మూడు వేల ఏళ్ల కిందటి విషయం వచ్చేసరికి ఆ ఇంగితం మాయమైంది. ఆర్య అనే మాటను బాగా వ్యాప్తి చేసిన సంస్కృత పండితుడు మాక్స్ ముల్లరే 1888లో నాలుక కరుచుకున్నాడు. ఆర్య నెత్తురు గురించి మాట్లాడే పండితుడు, తల కొలతను భాషకు అంటగట్టి 'పొడవు తల నిఘంటువు' గురించి మాట్లాడేవాడితో సమానమని రాశాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఇందులో మనవాళ్ల పాత్ర తక్కువేమీ కాదు. ఆర్య సిద్ధాంతం వల్ల దొరకు తాను దూరపు చుట్టాన్నవుతానని ముచ్చటపడిన చదువరులు చాలామంది. 1901 జనగణనలో కులాలను హోదా వరుసలో పేర్చాలనుకోగానే తమను పై వర్ణంలో రాయమంటూ దేశమంతటి నుంచి కుల సంఘాల అర్జీలు కుప్పలు పడ్డాయి. రేస్ నిచ్చెన మన నేలలో అంత తేలిగ్గా నిలబడిందంటే, గుంటలు ముందే తవ్వి ఉన్నాయి.

ముక్కు కొలత ఎలా తీస్తారు, ఎక్కడ చెడుతుంది

'వర్ణం అంటే రంగే గదా, కాబట్టి కులమంటే రేసే' అని వాదించినవాడు హెర్బర్ట్ రిస్లీ, 1901 జనగణన కమిషనర్. కులం హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందన్నది ఆయన సూత్రం. మద్రాసు ప్రెసిడెన్సీలో అదే పని చేసినవాడు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్. కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఆయన ఏడు సంపుటాలు తెచ్చాడు. మన కులాల గురించి ఇంటర్నెట్‌లో తిరిగే 'చరిత్ర'లో చాలా భాగం ఈ సంపుటాల నుంచి ఎత్తినదే. అందుకే ఆ అంకెలు ఎలా వచ్చాయో తెలిసి ఉండటం మంచిది.

ముక్కు సూచిక లెక్క సులువు. స్లైడింగ్ కాలిపర్‌తో రెండు కొలతలు తీస్తారు. ఎత్తు: కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి, ముక్కు అడుగు పై పెదవిని తాకే చోటు వరకు. వెడల్పు: ముక్కు పుటాల మధ్య గరిష్ఠ దూరం. వెడల్పును 100తో గుణించి ఎత్తుతో భాగిస్తే సూచిక. 70 లోపు సన్న ముక్కు, 70 నుంచి 85 వరకు మధ్యస్థం, 85 దాటితే వెడల్పు ముక్కు.

ఉదాహరణకు ఒక మనిషికి వెడల్పు 38 మిల్లీమీటర్లు, ఎత్తు 46 అనుకుందాం. సూచిక 82.6, మధ్యస్థం. పై బిందువు ఎముకల అతుకు మీద ఉంటుంది, చర్మం మీంచి వేలితో తడిమి పట్టాలి. కొలిచేవాడి వేలు 2 మిల్లీమీటర్లు కిందికి ఆగితే ఎత్తు 44, సూచిక 86.4. మనిషి 'వెడల్పు ముక్కు' తరగతిలో పడ్డాడు. పుటాలు మెత్తటి మాంసం. కాలిపర్ కాస్త నొక్కితే వెడల్పు 36 అవుతుంది, సూచిక 78.3కు దిగుతుంది. అంటే కొలిచే చేతిలో 2 మిల్లీమీటర్ల తేడా ఒకే ముక్కును 8 పాయింట్లు ఊపగలదు. రెండు కులాల సగటుల మధ్య చూపించిన తేడాలు చాలాసార్లు ఈ ఊపులోపలే ఉంటాయి.

అంకెలు చదివేటప్పుడు మూడు చోట్ల చూపు నిలపాలి. ఎంతమందిని కొలిచారు: వేలమంది ఉన్న కులానికి ముప్ఫై, నలభైమందితో సగటు కట్టడం మామూలు. సగటు పక్కన కనిష్ఠ, గరిష్ఠాలు ఇచ్చారా: ఇస్తే, 'పై' కులంలో వెడల్పు ముక్కులూ 'కింది' కులంలో సన్న ముక్కులూ కొల్లలుగా కనిపిస్తాయి. ఎవరిని కొలవడానికి ఎంచారు: 'అసలైన నమూనా'లా కనిపించినవాణ్ని ముందుకు పిలిస్తే సగటు ముందే తేలిపోయినట్టు. పైగా ముక్కు వెడల్పుకు వాతావరణంతో సంబంధం ఉంది. వేడి, తేమ ఎక్కువున్న చోట సగటు ముక్కు వెడల్పు. ఉడుకు, ఉక్క కలిసిన డెల్టాలో ఈ కొలత నెత్తురుకంటే ముందు గాలిని చెబుతుంది.

ఇందులో ఒక వింత ఉంది. అదే కాలంలో పోలీసులు నేరస్థులను గుర్తుపట్టడానికి తల, చెయ్యి, పాదం కొలతలు రాసుకునే పద్ధతి వాడారు. ఒకే మనిషిని ఇద్దరు జవాన్లు కొలిస్తే రెండు లెక్కలు వస్తున్నాయని తేలి, 1897లో భారత ప్రభుత్వం దాన్ని వదిలేసి వేలిముద్రలకు మారింది. ఒక్క మనిషిని గుర్తుపట్టడానికి పనికిరాదని ప్రభుత్వమే తీసి పక్కన పెట్టిన సాధనంతో, తర్వాత పుష్కరం పాటు కోట్లమంది జాతకం రాశారు.

రిస్లీ సూత్రాన్ని 1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆయన అంకెలతోనే పరీక్షించాడు. ఉత్తరాన గంగా మైదానంలో తప్ప మిగతా చోట్ల హోదాకూ ముక్కుకూ పొంతన కుదరలేదు. 1933లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ రిస్లీ పట్టికలను తిరగేసి లెక్కల తప్పులు పట్టాడు. ఆ సంపుటాలు మాత్రం ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి.

పటాలంలోకి ఎవరు, కొండ మీద ఎవరు

పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాల్ వైపు కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు. తొలి సిపాయిలు తెలుగు తీరం వైపు నుంచి వచ్చారు గనక ఆ పేరు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చెందుర్తిలో ఇంగ్లిషు వాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించి ఉత్తర సర్కారుల దారి తెరుచుకున్నారు. ఆ పొలాల్లో రెండు వైపులా పోరాడినవాళ్లలో ఎక్కువమంది ఈ దేశస్థులే, ఇంగ్లిషు వాళ్ల పక్కన విజయనగరం రాజు సేన కూడా ఉంది. 1857 తిరుగుబాటులో మద్రాసు సేన దాదాపు చేరలేదు. పాలకుడి కొలతలో చూసినా అంతకంటే మంచి యోగ్యతాపత్రం ఉండదు.

అయినా 1880ల్లో మద్రాసు సేనాధిపతిగా పనిచేసి, తర్వాత భారత సేనాధిపతి అయిన రాబర్ట్స్, దక్షిణాది మనుషులు దీర్ఘ శాంతి వల్ల మెత్తబడ్డారనీ, యుద్ధానికి తగిన జాతులు వాయవ్యంలోనే ఉన్నాయనీ తేల్చాడు. తెలుగువాళ్ల భర్తీ తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆగిపోయింది. రష్యా భయంతో సైన్యం చూపు పంజాబు సరిహద్దు మీద ఉన్న రోజులవి. దగ్గర్లో దొరికే మనుషులు 'వీరజాతి' అయ్యారు, దూరంలో ఉన్నవాళ్లు కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1940ల్లో మద్రాసు రెజిమెంటును మళ్లీ లేపినప్పుడు ఎవరి నెత్తురూ మారలేదు.

అదే గోదావరి ఎగువన ఇంకో గీత ఉంది. 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టంతో మన్యం మామూలు కోర్టుల, చట్టాల పరిధి దాటి 'ఏజెన్సీ' అయింది. కొండవాళ్లు అమాయకులు, ఆదిమ దశలో ఉన్నారు గనక వాళ్లకు తండ్రిలాంటి పాలన చాలన్నది వాదన. 1879 మార్చిలో రంప ప్రాంతం భగ్గుమంది. కారణాలు కాగితం మీదే ఉన్నాయి: ఇంటి వాడుకకు గీసుకునే కల్లు మీద ఆంక్షలు, చిగురు పన్ను (కల్లు గీత మీద పన్ను), కలప, పశువుల మేత మీద రుసుములు, స్థానిక భూస్వామి అయిన మన్సబుదారు పీడన, చిన్న పోలీసుల దోపిడీ, మైదానం షావుకార్ల వైపు మొగ్గిన కోర్టు డిక్రీలు. ఇవన్నీ ఏ కోనసీమ రైతుకైనా కోపం తెప్పించే లెక్కలే. రైతు చేస్తే ఫిర్యాదు, కొండరెడ్డి చేస్తే 'ఉద్రేక స్వభావం'.

ఏజెన్సీ గీతకు రెండో ముఖం కూడా ఉంది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లో చేసిన చట్టానికి వారసులే 1959, 1970 భూబదలాయింపు నిబంధనలు. పుట్టుక చెడ్డదైనా, ఆ గీతను ఇవాళ చెరిపేస్తే లాభపడేది దిగువ నుంచి వచ్చే కొనుగోలుదారులే. అందువల్ల 'వలస వర్గీకరణ గనక రద్దు చేయాలి' అనే వాదన విన్నప్పుడు, చెబుతున్నది ఎవరో చూసుకోవాలి.

ఎరుకలవాళ్ల కథ ఇంకా కటువు. తీరం ఉప్పును గాడిదల మీద పెరికెలతో లోపలి ఊళ్లకు చేర్చి, ధాన్యం తెచ్చే వ్యాపారం వాళ్లది. కంపెనీ ఉప్పు గుత్తాధిపత్యం, తర్వాత రైలు ఆ బతుకుతెరువును మింగేశాయి. పని పోయి తిరుగుతున్నవాళ్లను 'పుట్టు నేరస్థులు' అన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. పుట్టిన బిడ్డ కూడా జాబితాలోనే, ఊరు దాటాలంటే పాసు, వేళకు పోలీసు హాజరు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది.

క్లబ్బు, జ్యూరీ, కాలువ అవతల

కాకినాడలో 1907 మే 31న వందేమాతరం అని అరిచిన కుర్రాడు కోపల్లె కృష్ణారావును జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ స్పృహ తప్పేలా కొట్టాడు. ఆ రాత్రి జనం యూరోపియన్ క్లబ్బు మీద పడ్డారు. క్లబ్బే ఎందుకంటే, ఊరి మధ్య రంగు గీత ఇటుకల్లో కనిపించే చోటు అదే. జనం మీద కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి.

కోర్టులో ఆ గీత ఇంకా సూటిగా ఉండేది. భారతీయ న్యాయాధికారి ముందు యూరోపియన్ నిలబడటమేమిటన్న గోలతో ఇల్బర్ట్ బిల్లు 1884లో నీరుగారింది. నిందితుడైన యూరోపియన్ బ్రిటిష్ పౌరుడు, కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉన్న జ్యూరీని కోరవచ్చునన్నారు. ఆ 'అమెరికన్లో' అన్న మాట దగ్గర ఆగాలి. అమెరికావాడు రాణి ప్రజ కాదు. రాజమండ్రి వకీలు రాణి ప్రజే. లెక్క రాజభక్తిది కాదని చట్టమే ఒప్పుకున్నట్టయింది.

కాలువ దాటితే యానాంలో ఫ్రెంచి లెక్క వేరు. చెప్పుకోడానికి అందరూ సమానం. ఓటర్ల జాబితాలు మాత్రం యూరోపియన్లకు వేరు, దేశీయులకు వేరు. 1881 డిక్రీ ప్రకారం తన కుల, మత ఆచార చట్టాన్ని వదులుకుని, ఒక ఇంటిపేరు నమోదు చేయించుకుని, ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వచ్చినవాడు 'రెనన్సాన్' అయ్యేవాడు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకరు యానాంలో, ఇంకొకరు పక్కనే బ్రిటిష్ పాలనలోని నీలపల్లిలో కాపురముంటే ఇద్దరివీ రెండు రకాల పౌరసత్వాలు. (శారదా చట్టం యానాంలో చెల్లదు గనక బాల్యవివాహాలకు చుట్టుపక్కలవాళ్లు అక్కడికి పరుగెత్తారు. దానికి కళ్యాణపురం అనే పేరు అలా వచ్చింది. గీతల్లోని సందును వాడుకోవడం జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు.)

నెత్తురు పరీక్ష చెప్పేదేమిటి

1972లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 17 నెత్తురు గుణాల లెక్క తీశాడు. మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా ఉన్నవే. ఒకే 'రేస్'లోని సమూహాల మధ్యవి కూడా తీసేస్తే 'రేసుల' మధ్య తేడాకు మిగిలింది 6 శాతం చిల్లర. 2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో చేసిన పరిశోధనలో, దేశంలోని దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన వంశధారల మిశ్రమమేనని, పాళ్లు మాత్రమే మారతాయని తేలింది. తర్వాతి లెక్క ప్రకారం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జోరుగా సాగి, ఆ తర్వాత కులంలోపలి పెళ్లిళ్లతో మందగించింది.

ఆ మందగింపు గుర్తులు వైద్యంలో కనిపిస్తాయి. వైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఆపరేషనుకు ముందు కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోవాలి. ఈ లోపం ఉన్నవాళ్లలో గంటల తరబడి దిగదు, ఊపిరి యంత్రం మీదే ఉంచాలి. ఇది తెలిసిన మత్తు డాక్టరు, ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తర్వాత ఆలస్యంగా ఊపిరి అందిందా అని ముందే అడుగుతాడు. అనుమానం ఉంటే ఎంజైము పరీక్ష రాస్తాడు, లేదా వేరే మందు వాడతాడు. సుమారు వంద తరాలకు ముందు కొద్దిమందితో మొదలై, బయటికి పిల్లనివ్వని ఆచారం వల్ల పోగుపడిన లోపం ఇది. పక్కింటి ఇంకో కులం వాడికి ముక్కూ రంగూ అచ్చం ఇలాగే ఉన్నా ఇది ఉండకపోవచ్చు.